దక్షిణ రాష్ట్రముల యుద్ధపతాక: అర్థవిచారము

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని దక్షిణ కరోలినాకు ముఖ్యపట్టణమగు కొలంబియాలో, శాసనసభామందిరపు టావరణమున నిలిచియున్న ధ్వజస్తంభమునుండి 2015 సం. జూలై 10వ తేదీ ఉదయమున ఒక పతాక దింపఁబడెను. రక్షకభటులు దానిని మడిచి పురావస్తుప్రదర్శనశాలకుఁ బంపిరి. చూచుటకై వేలకొలఁది జనులు గుమిగూడిరి. కొందఱు హర్షధ్వానములు చేసిరి. మఱికొందఱు తమ పితరులకు అవమానము జరిగినదని దుఃఖించిరి.

అంతకు 23 దినములకు ముందు, జూన్ 17వ తేదీ రాత్రి, అదే రాష్ట్రమునందలి చార్ల్‌స్టన్ నగరమున నల్లజాతివారి ప్రార్థనామందిరములో బైబిలు పఠించుచున్న తొమ్మండుగురను ఒక తెల్లజాతి యువకుఁడు తుపాకితోఁ గాల్చి చంపెను. హంతకుఁడు ఈ పతాకను ధరించి తీయించుకొన్న ఛాయాచిత్రములు పిదప బయల్పడెను. మృతులలో ఆ మందిరపు గురువును, రాష్ట్రపు సెనేటు సభ్యుఁడును అగు క్లెమెంటా పింక్నీ యొకఁడు. అతని శవపేటికను జనుల దర్శనార్థము శాసనసభామందిరమునకుఁ గొనివచ్చిన దినమున, మందిరముపై నున్న జాతీయపతాకయు రాష్ట్రపతాకయు సంతాపసూచకముగా సగమువఱకు దింపఁబడియుండెను. ఆవరణమునందలి యీ పతాక మాత్రము పూర్తిగా నెగురుచునే యుండెను. శాసనసభయొక్క అనుమతి లేక దానిని కదల్చుటకు ఎవరికిని అధికారము లేకుండెను.

ఈ పతాక దక్షిణ రాష్ట్రములవారి స్వదేశాభిమానమునకు గుఱుతా, లేక నల్లజాతివారియెడఁ గల వర్ణద్వేషమునకు గుఱుతా అను ప్రశ్న ఆ దేశమున డెబ్బది సంవత్సరములకు మించి వివాదాస్పదమై యున్నది. ఇది పైకి రాజకీయవివాదముగాఁ గనఁబడినను, సంకేతమున కర్థ మెట్లు నిర్ణయింపవలెనను ప్రశ్న దీనియందు గర్భితమై యున్నది. శబ్దార్థనిర్ణయమునకై భారతీయ శాస్త్రకారు లేర్పఱచిన మార్గములు ఇచ్చట నుపకరించును. కాఁబట్టి మొదటఁ జరిత్రను, పిదప నుభయపక్షముల వాదములను, తుదకు నిర్ణయమును క్రమముగా విచారింపవలసియున్నది.

పతాకోత్పత్తి

1860 సం. నవంబరులో అబ్రహాం లింకను అధ్యక్షుఁడుగా నెన్నుకొనఁబడఁగా, బానిసత్వమునకు భంగము కలుగునను భయమున దక్షిణ రాష్ట్రము లొక్కొక్కటిగా విడిపోవ నారంభించెను. డిసెంబరు 20వ తేదీన దక్షిణ కరోలినా మొదట విడివడెను. తుదకు 11 రాష్ట్రములు 'కాన్ఫెడరేట్ రాష్ట్రములు' అను పేర నొక కూటమిగాఁ జేరెను. ఈ విడిపోవుటకుఁ గారణము రాష్ట్రముల స్వాతంత్ర్యమా, బానిసత్వమా యని పిదపఁ జాల చర్చ జరిగినది గాని, విడిపోయినవారు స్వయముగాఁ జెప్పినది స్పష్టముగా నున్నది. మిసిసిపీ రాష్ట్రము 1861 సం. జనవరిలో వెలువరించిన ప్రకటనము తమ పక్షము బానిసత్వమనెడి యేర్పాటుతో సర్వవిధముల నేకీభవించినదని తెలిపినది. కూటమికి ఉపాధ్యక్షుఁడగు అలెగ్జాండర్ స్టీఫెన్స్ అదే సం. మార్చి 21వ తేదీన సవానా నగరమున నుపన్యసించుచు, నల్లజాతివాఁడు తెల్లజాతివానికి సమానుఁడు కాఁడనుటయే తమ నూతనప్రభుత్వమునకు మూలశిల యని పలికెను. కూటమి రాజ్యాంగము బానిసలపై యజమానులకుఁ గల హక్కునకు భంగకరమగు శాసనము చేయరాదని నిషేధించెను. ఆ 11 రాష్ట్రములలో సుమారు 90 లక్షల జనులుండఁగా, వారిలో 35 లక్షలమంది బానిసలు. దక్షిణ కరోలినా, మిసిసిపీలలో బానిసలే సగమునకు మించి యుండిరి.

ఈ కూటమికి మొదట నేర్పడిన జాతీయపతాక వేఱు. 1861 సం. మార్చి 4వ తేదీన మాంట్‌గోమరీ నగరమున నెగురవేయఁబడిన దానియందు మూఁడు అడ్డపట్టెలును, ఒక మూల నీలిక్షేత్రమున నక్షత్రములును ఉండెను. అది సంయుక్తరాష్ట్రముల పతాకను మిక్కిలి పోలియుండుటచే, జూలై 21వ తేదీన బుల్ రన్ అను వాఁగు దగ్గఱ జరిగిన యుద్ధమున, పొగలోను ధూళిలోను తమవా రెవరో పరు లెవరో తెలియక సైనికులు భ్రమపడిరి. అందుపై సేనాపతులగు బోరెగార్డ్, జాన్‌స్టన్ అనువారు యుద్ధరంగమున వాడుటకై వేఱొక ధ్వజమును గ్రహించిరి. ఎఱ్ఱని క్షేత్రము, మూలనుండి మూలకు సాగు నీలివర్ణపు వ్యత్యస్తరేఖలు, వానికిఁ దెల్లని యంచులు, రేఖలపైఁ దెల్లని నక్షత్రములు: ఇది దాని స్వరూపము. నేఁడు వివాదమునకుఁ బాత్రమైన పతాక యిదియే.

దీని రూపకర్త విలియం పోర్చర్ మైల్స్ అను దక్షిణ కరోలినా ప్రతినిధి. అతఁడు మొదట నిలువుసిలువను దలపెట్టి, అది క్రైస్తవమతచిహ్నముగాఁ దోఁచునని యొక యూదుఁడు తెలుపఁగా, దానిని మన్నించి యేటవాలు రేఖలకు మార్చెను. తన యుద్దేశము మతచిహ్నము నిలుపుట కాకపోయినను, చూచువారు దాని నెట్లు గ్రహింతురో విచారించి రూపము మార్చిన యీ వృత్తాంతము గమనింపఁదగినది.

ఈ యుద్ధధ్వజము జనాదరము పొందుటచే, 1863 సం. మే నెలలో జాతీయపతాకను మార్చి, తెల్లని క్షేత్రపు మూల దీనిని చేర్చిరి. ఆ తెలుపు తెల్లజాతియొక్క ఆధిక్యమునకుఁ జిహ్నమని సవానా నగరపు పత్రికాసంపాదకుఁడగు విలియం టి. థామ్సన్ ఆనాఁడే వ్రాసి దానిని సమర్థించెను. గాలి లేనప్పు డది లొంగుబాటును దెలుపు తెల్లజెండావలెఁ గనఁబడుటచే, 1865 సం. మార్చిలో చివర నొక యెఱ్ఱపట్టెను గూర్చిరి. మఱుసటినెల 9వ తేదీన సేనాపతి రాబర్ట్ లీ అపొమాటక్స్ గ్రామమున లొంగిపోయెను. ఆ సంవత్సరాంతమున రాజ్యాంగసవరణముచే బానిసత్వము దేశమంతటను రద్దయ్యెను.

పూర్వపక్షము

పతాకను ఆదరించువారి వాదము తృణీకరింపఁదగినది కాదు. దానిని వారి మాటలకు న్యాయము కలుగునట్లు చెప్పవలెను.

ఇది ప్రభుత్వపతాక కాదు, సైనికుల పతాక యని వారు మొదటఁ జెప్పుదురు. ఆ ప్రభుత్వపు తప్పిదములు ప్రభుత్వమునకే చెందవలెను గాని, దీనిక్రిందఁ బోరాడి మడిసిన సామాన్యునకుఁ జెందరాదు. కూటమిపక్షమున రెండున్నర లక్షలకు మించి సైనికులు యుద్ధమునను, వ్యాధులచేతను మరణించిరి. ఆ రాష్ట్రములలోని తెల్లజాతి కుటుంబములలో మూఁడింట రెండువంతులకు బానిసలే లేరు. తన పల్లెపైకి శత్రుసైన్యము వచ్చుచున్నదని తుపాకి పట్టిన పేదరైతు బానిసత్వపు రక్షణకై పోరినాఁడనుట న్యాయమా యని వారు ప్రశ్నింతురు. 1864లో అట్లాంటాయు, 1865లో కొలంబియాయు దగ్ధమైన కథలు వారి యిండ్లలోఁ దరతరములుగాఁ జెప్పుకొనుచున్నవే. యుద్ధానంతరమున వృద్ధసైనికుల సభలయందును, సమాధులయందును ఈ పతాకయే నిలిచెను. అట్టి సభలలో దీనికి నమస్కరించినవారు తమ మృతులకు నమస్కరించిరే గాని, ఇతరులను ద్వేషింపలేదు.

ఈ వాదమునకు జనబాహుళ్యముయొక్క సమ్మతియుఁ గలదు. 2015లో జరిగిన యొక యభిప్రాయసేకరణమున, ఆ దేశీయులలో నూటికి 57 మంది ఈ పతాక ప్రధానముగా దక్షిణాభిమానమునకే చిహ్నమని చెప్పిరి. నల్లజాతివారిలో నూటికి 72 మంది వర్ణద్వేషచిహ్నమని చెప్పిరి. వక్తయొక్క వివక్షను బట్టియే యర్థము నిర్ణయింపవలెనన్నచో, పూర్వపక్షము నిలుచును. ఏలయన, ఎగురవేయువాఁడు తన హృదయమున ద్వేషము లేదనఁగా, ఆ హృదయమును పరీక్షించుటకు సాధనము లేదు.

లక్షణపరీక్ష

ఈ పతాక దక్షిణదేశాభిమానమునకు గుఱుతనుచో, దక్షిణదేశీయుఁ డెవఁడను ప్రశ్న ముందు పుట్టును. లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి యను దోషము లుండరాదని తార్కికులు చెప్పుదురు. ఈ రెండు దోషములును ఇచ్చటఁ గనఁబడుచున్నవి.

ఆ నేలను దున్ని, ప్రత్తి పండించి, ఆ దేశపు భాష, వంటకములు, గానము రూపొందుటకుఁ దోడ్పడిన నల్లజాతివారు కూడ దక్షిణదేశీయులే. యుద్ధకాలమున వారు మూఁడింట ఒక వంతునకు మించి యుండిరి. ఈ పతాక వారి నెవ్వరిని దనలోఁ జేర్చుకొనలేదు. తెల్లజాతివారిలోను అందఱును దీనిక్రిందఁ జేరలేదు. వర్జీనియా పశ్చిమభాగము కూటమినుండి విడివడి 1863లో వేఱు రాష్ట్రమయ్యెను. ఒక్క దక్షిణ కరోలినా దప్ప, కూటమిలోని ప్రతి రాష్ట్రమునుండియు తెల్లజాతి సైనికదళములు సంయుక్తరాష్ట్రములపక్షమునఁ బోరాడెను. ఈ దక్షిణదేశీయు లందఱును లక్షణమునకు వెలియగుట యవ్యాప్తి.

మఱియు, దక్షిణదేశముతో సంబంధము లేనివారును దీనిని ధరించుట కలదు. 2021 సం. జనవరి 6వ తేదీన వాషింగ్టన్ నగరమునందలి కాపిటల్ మందిరములోనికిఁ జొచ్చుకొనిపోయిన గుంపులో దీనిని భుజమునఁ బెట్టుకొని నడిచినవాఁడు, యుద్ధమున ఉత్తరపక్షముననే నిలిచిన డెలావేర్ రాష్ట్రవాసి. నాలుగు సంవత్సరముల యుద్ధములో కూటమిసైన్యము చేరలేకపోయిన మందిరమునకు ఆ పతాక యిట్లు చేరెను. ఉత్తరదేశీయుఁడు దానిని ధరించినప్పుడు అది దక్షిణాభిమానమును బోధింపఁజాలదు. వేఱొక యర్థమునే బోధింపవలెను. ఇది యతివ్యాప్తి.

కావున నీ పతాక బోధించు అభిమానము దేశాభిమానము కాదు, ఆ దేశములోని యొక వర్గముయొక్క అభిమానము. అయినను ఇంతమాత్రమున ద్వేషార్థము సిద్ధింపదు. తమవారిని దలంచుకొనుట యితరులను ద్వేషించుట కాదు గదా. అందుకై వేఱొక ప్రమాణము వలయును.

విరోధముచే నర్థనిర్ణయము

ఒక శబ్దమున కనేకార్థము లున్నపుడు, అందేది వివక్షితమో తెలియుటకుఁ బ్రకరణము, సాహచర్యము, విరోధము, దేశకాలములు మొదలగునవి హేతువులని భర్తృహరి వాక్యపదీయమున నిరూపించెను. సైంధవమును దెమ్మనఁగా భోజనసమయమున లవణమును, ప్రయాణసమయమున గుఱ్ఱమును దెత్తురు. రామలక్ష్మణు లనఁగా సాహచర్యముచే రాముఁడు దాశరథి యగును. రామార్జును లనఁగా విరోధముచే రాముఁడు భార్గవుఁడును, అర్జునుఁడు కార్తవీర్యుఁడును అగుదురు. ఎవరితోడి వైరమునఁ జెప్పఁబడెనో దానిని బట్టి శబ్దార్థము తేలును. ఈ న్యాయమును పతాకకు నన్వయింపవలెను. అది యెవరికి, దేనికి విరోధముగా నెత్తఁబడెను?

యుద్ధము ముగిసినది మొదలు సుమారు ఎనుబది సంవత్సరములవఱకు ఇది ముఖ్యముగా వృద్ధసైనికుల సభలలోను, సంస్మరణదినములలోను గనఁబడెను. దీనిని తన రాష్ట్రపతాకలో 1894లోనే చేర్చుకొన్న మిసిసిపీ, అంతకు నాలుగేండ్లకు ముందే నల్లజాతివారికి ఓటుహక్కు లేకుండఁ జేయుటకై నూతనరాజ్యాంగము నేర్పఱచుకొనియుండెను. అయినను, ఆ కాలమున స్మరణార్థమే ప్రధానమనుట సత్యమునకు దూరము కాదు.

1948లో స్థితి మాఱెను. అధ్యక్షుఁడు ట్రూమన్ నల్లజాతివారికిఁ బౌరహక్కులు కలిగింపఁదలఁపఁగా, దక్షిణ కరోలినా గవర్నరు స్ట్రాం థర్మండ్ నాయకత్వమున నొక క్రొత్తపక్షము బయలుదేఱి, ఈ పతాకను ఎన్నికలరంగమునకుఁ దెచ్చెను. ఆ యెన్నికలో థర్మండ్ నాలుగు రాష్ట్రములను గెలిచెను. మృతసైనికుల స్మృతిని రక్షించుటకే యేర్పడిన 'కూటమిపుత్రికల సంఘము' ఆ సంవత్సరముననే రాజకీయసభలలోను విద్యార్థుల ప్రదర్శనములలోను ఈ పతాకను వాడుటను గర్హించుచు తీర్మానించెను. పతాక యందఱికంటెఁ బూజ్యమైనవారే దాని యర్థము మాఱుచున్నదని భయపడిరి. ఆ మాట వినినవారు లేకపోయిరి.

1954 సం. మే 17వ తేదీన సుప్రీంకోర్టు, బడులలో బాలురను జాతిని బట్టి వేఱుపఱచుట రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. ఆ తీర్పును నిరోధింపవలెనని జార్జియా శాసనసభ యనేకశాసనములు చేయుచున్న 1956లోనే, ఆ రాష్ట్రపతాకలో ఈ యుద్ధధ్వజమును జేర్చిరి. కొలంబియాలో 1961లో శతవార్షికోత్సవమను పేర దీనిని ఎగురవేసి, మఱుసటియేఁడు తీర్మానముచే స్థిరపఱచిరి. ఉత్సవానంతరమున నెప్పుడు దింపవలెనో ఆ తీర్మానము చెప్పలేదు. 1963 సం. ఏప్రిల్ 25వ తేదీన, అలబామా విశ్వవిద్యాలయమున నల్లజాతి విద్యార్థులను జేర్చుకొనుటను గూర్చి మాటాడుటకై కేంద్రప్రభుత్వ న్యాయశాఖాధిపతి రాబర్ట్ కెన్నెడీ రాఁగా, గవర్నరు జార్జి వాలెస్ ఆ దినముననే మాంట్‌గోమరీ శాసనసభామందిరపు శిఖరముపై దీనిని ఎగురవేయించెను.

ఈ సందర్భము లన్నిటను విరోధి యొక్కఁడే. శత్రుసైన్యము కాదు, లింకను కాదు, ఉత్తరదేశీయుఁడును గాఁడు. బడికిఁ బోఁదలఁచిన నల్లజాతి బాలుఁడు, ఓటు వేయఁదలఁచిన నల్లజాతి పౌరుఁడు. రామార్జునన్యాయమున, అట్టి విరోధము తోడఁ జేరిన పతాకకు ఏ యర్థము స్థిరపడునో స్పష్టమే. ఆ యర్థమును నల్లజాతివా రారోపింపలేదు. పతాకను ఎత్తినవారే ప్రయోగముచే రూఢి కలిగించిరి.

దీనికి జార్జియాయే వేఱొక దృష్టాంతము. 1956 నాఁటి పతాకను ఆ రాష్ట్రము 2001లో విడిచి, 2003లో నింకొకదానిని గ్రహించెను. ఈ క్రొత్తపతాక కూటమియొక్క మొదటి జాతీయపతాకను బోలియున్నది. చరిత్రను బట్టి యదియే కూటమి ప్రభుత్వమునకు నిజమైన గుఱుతు. అయినను దానిపై యుద్ధధ్వజముపై వచ్చినంత యాక్షేపణము రాలేదు. అనేకులకు దాని మూలమే తెలియదు. పౌరహక్కులను నిరోధించు గుంపులు దానిని చేతఁబట్టి వీధులలో నూరేగలేదు గనుక దానికి ఆ రూఢి కలుగలేదు. యోగముకంటె రూఢి బలీయమని వైయాకరణులు చెప్పునది యిచ్చటఁ బ్రత్యక్షము.

ఆక్షేపములు, సమాధానములు

దుష్టప్రయోగముచేఁ జిహ్నము దూషితమగుచో, జర్మనీలో నాజీలు గ్రహించిన స్వస్తికమును భారతీయులును విడువవలెనా యని యాక్షేపింపవచ్చును. స్వస్తికము నాజీలకు వేలయేండ్లకు ముందే శుభచిహ్నముగా వృద్ధవ్యవహారమున నున్నది; ఈ దేశమున నా వ్యవహార మవిచ్ఛిన్నము. దేశకాలములు వేఱగుటచే నర్థమును వేఱు. యుద్ధధ్వజమునకో, బానిసత్వరక్షణకై యేర్పడిన రాజ్యముయొక్క సైన్యమునకు ముందు ఏ వ్యవహారమును లేదు. అపహరింపఁబడిన పూర్వార్థము దానికిఁ గలదని చెప్పుటకు వీలు లేదు.

సంయుక్తరాష్ట్రముల పతాకయు ఎనుబదియేండ్లకు మించి బానిసత్వముపై నెగిరినది గదా యని వేఱొక యాక్షేపము. అది సత్యమే. కాని ఆ పతాకక్రిందనే సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు బానిసత్వమునకు విరోధముగాఁ బోరాడిరి. పౌరహక్కులకై నడచినవారును దానిని ధరించిరి. నల్లజాతివారు తమ స్వాతంత్ర్యము కోరుచు యుద్ధధ్వజమును ధరించిన యుద్యమము చరిత్రలో లేదు.

సిద్ధాంతము

ఎగురవేయువాని హృదయము నిర్మలమై యుండవచ్చును. తన పితామహుని సమాధిపై నొక చిన్నపతాకను నిలుపువానియందు ద్వేషము నారోపించుట న్యాయము కాదు. ప్రకరణ మచ్చట సమాధియే. పౌరుఁడు తన యింటిపై దీనిని నిలుపుకొనుటను ఆ దేశపు రాజ్యాంగము నిరోధింపదు. కాని శాసనసభామందిరమున నిలిచిన పతాక ఒక్కని హృదయమును దెలుపునది కాదు. అది ప్రభుత్వవాక్యము, ప్రజలందఱి పేరఁ బలుకఁబడునది. మోటారుబండ్ల సంఖ్యాఫలకములపై దీనిని ముద్రింపుమని కోరిన యొక సంఘమునకు టెక్సస్ రాష్ట్రము నిరాకరింపఁగా, ఆ ఫలకములపై వ్రాఁత ప్రభుత్వవాక్యమే యగుటచే నిరాకరణము చెల్లునని సుప్రీంకోర్టు 2015 సం. జూన్ 18వ తేదీన, అనఁగా చార్ల్‌స్టన్ హత్యల మఱునాఁడే, తీర్పు చెప్పెను. వక్త సర్వప్రజ యైనపుడు, ఆ ప్రజలో నొక భాగమునకు విరోధార్థమునే బోధించు వాక్యమును బలుకుట తగదు.

రాబర్ట్ లీ యీ విషయమున దూరదృష్టి కలవాఁడు. గెటిస్‌బర్గ్ యుద్ధస్థలములను గుర్తించుటకు 1869లోఁ దన్నాహ్వానింపఁగా, యుద్ధపు గాయములను మానకుండఁ జేయుట మంచిది కాదని యతఁడు బదులు వ్రాసెను.

దక్షిణ కరోలినా ప్రతినిధిసభ 94 మంది యనుకూలముగను, 20 మంది ప్రతికూలముగను ఓటు వేయఁగాఁ బతాకను దింప నిశ్చయించెను. 2001లో ప్రజాభిప్రాయముచేఁ దన పాతపతాకనే నిలుపుకొన్న మిసిసిపీయు 2020లో దానిని విడిచి, మాగ్నోలియా పువ్వు గల పతాకను ప్రజల సమ్మతితో గ్రహించెను. మాగ్నోలియా ఆ నేలపైఁ బుట్టిన ప్రతివాఁడును ఎఱిఁగిన పువ్వు. దేశాభిమానమునకుఁ జిహ్నము కావలెనన్నచో అవ్యాప్తిదోషము లేని చిహ్నము దొరకకపోదని దీనివలనఁ దెలియుచున్నది.

కొలంబియా సెనేటులో 2015 సం. జూన్ 23వ తేదీన పతాకను దింపవలెనని పలికినవారిలోఁ బాల్ థర్మండ్ అను సభ్యుఁ డొకఁడు. ఇతఁడు 1948లో దానిని ఎన్నికలరంగమునకుఁ దెచ్చిన స్ట్రాం థర్మండ్ కుమారుఁడు. తోడిమానవులను బానిసలుగా నుంచుకొనుటకై పూర్వులు పోరాడిరనియు, ఆ వారసత్వమును గూర్చి తాను గర్వింపఁజాలననియు అతఁడు పలికెను. పింక్నీ కూర్చుండిన సభ యదియే. అతని యాసనము ఆ దినమున శూన్యముగా నుండెను.